పళ్ల మేస్త్రి వాటా

పొద్దున లేవగానే నేను చేసే మొదటి పని, వంటింటి కిటికీ గట్టు మీదున్న గాజు గ్లాసులో నీళ్లు మార్చడం. ఇరవై మూడేళ్లుగా అదే. ఆ గ్లాసులో మా ఆయన పళ్ల సెట్టు ఉండేది, పైదీ కిందదీ. పాత నీళ్లు పారబోసి, సెట్టుని మెత్తటి బ్రష్‌తో రుద్ది, గోరువెచ్చటి నీళ్లలో ఒకసారి ముంచి గదిలోకి తీసుకెళ్లేదాన్ని. ఆయన మంచం అంచున నాకు వీపు పెట్టి కూర్చుని, వెనక్కి చెయ్యి చాపేవారు. ఆ చేతిలో పెట్టేదాన్ని. రెండుసార్లు టక్కుమని చప్పుడయ్యేది. అప్పుడు ఇటు తిరిగి నా మొహం చూసి "సీసా" అనేవారు.

ఆ మాట ఎందుకంటే, పళ్లు సరిగ్గా కూర్చోకపోతే "సీసా" అన్నప్పుడు సందులోంచి గాలి పోయి ఈల వినబడుతుంది. తన దగ్గరికి వచ్చిన ప్రతి మనిషి చేతా ఆయన ఆ మాట అనిపించేవారు. ఇంట్లో మాత్రం అది నాకు పలకరింపు.

ఇప్పుడూ నీళ్లు మారుస్తున్నాను. పారబోస్తాను, రుద్దుతాను, మళ్లీ గ్లాసులో వేసి గట్టు మీదే పెట్టేస్తాను. గదిలోకి తీసుకెళ్లే పని లేదు. ఆయన పోయి ఎనిమిది నెలలయింది.

వీధిలో అందరూ ఆయన్ని పళ్ల మేస్త్రి అనేవాళ్లు. డాక్టరు కాదు. రోడ్డుకి అవతల పళ్ల ఆస్పత్రి ఉంది. అక్కడ డాక్టరమ్మ నోటి కొలత తీసి పంపితే, మా వెనక గదిలో కూర్చుని పళ్లు తయారు చేసేది ఈయన. ముందు ప్లాస్టరు కలిపి చిగుళ్ల అచ్చు పోసేవారు. దాని మీద మైనం కట్టి, మైనంలో పళ్లు ఒక్కొక్కటే గుచ్చి, ఆ తర్వాత మైనం కరిగించి ఆ చోట్లో గులాబీ రంగు ముద్ద కూరి ఉడకబెట్టేవారు. ఉడికాక బయటికి తీస్తే గరుకుగా ఉంటుంది. దాన్ని మోటారుకి బిగించిన గుడ్డ చక్రం మీద తడి పొడి వేసి నున్నగా మెరుగు పెట్టాలి. పెళ్లయిన రెండో ఏడాది నుంచీ ఆ మెరుగు పని నాదే. నాకు అయిదో తరగతి దాకానే చదువు. కానీ వేలు పెట్టి తడిమితే ఎక్కడ గుచ్చుకుంటుందో చెప్పగలను.

"నా చదువు చేతిలో ఉంది, మా ఆవిడ చదువు వేలికొసలో ఉంది" అని డాక్టరమ్మతో అనేవారు. నోట్లో నాలుక లేనిదాన్ని నేను. ఆ మాటకి కూడా తల దించుకుని లోపలికి వెళ్లిపోయేదాన్ని.

ఆయనకో పట్టు ఉండేది. ఎవరికి పళ్లు కట్టినా పాత ఫోటో తెమ్మనేవారు, సొంత పళ్లున్నప్పుడు నవ్వుతూ దిగింది. అందులో ఒక పన్ను వంకరగా ఉంటే ఈ సెట్టులోనూ ఆ పన్ను కొంచెం వంకరగానే పెట్టేవారు. "డబ్బిచ్చి వంకర పళ్లు కట్టించుకోవాలా మేస్త్రీ?" అని జనం గొణిగేవాళ్లు. "అన్నీ వరసగా పెడితే దువ్వెన అవుతుంది. ఇంటికెళ్లాక మీ ఆవిడ గుర్తుపట్టొద్దూ?" అనేవారు. వారం తిరిగేసరికి వాళ్లే వచ్చి, "మా మనవరాలు తాతయ్య మళ్లీ వచ్చాడంది" అని చెప్పి వెళ్లేవాళ్లు.

సొంత పళ్లు మాత్రం ఆయనకి ముప్పై అయిదేళ్లకే పోయాయి. చిగుళ్ల జబ్బు. తన సెట్టు తనే కట్టుకున్నారు. ఆ విషయంలో ఎక్కడలేని సిగ్గు. పళ్లు తీసిన మొహం మా అమ్మాయి కూడా ఎప్పుడూ చూడలేదు. నాకు కూడా వీపు పెట్టే కూర్చునేవారని చెప్పాను కదా. ఇన్నేళ్లలో నేను చూసింది రెండుసార్లో, మూడుసార్లో, అదీ జ్వరంలో.

ఇక ఆ ప్రయాణం సంగతి చెప్పాలి.

మేం వెళ్లే ప్రార్థన మందిరం నుంచి ఏటా ఆరుగురు సముద్రం దాటి ఒక దేశం వెళ్తారు. అక్కడ కొండల మధ్య ఒక చిన్న ఆస్పత్రి ఉంది. రెండు వారాలు ఉండి ఎవరికి చేతనైన సేవ వాళ్లు చేసి వస్తారు. డాక్టరమ్మ నాలుగేళ్లుగా వెళ్తోంది. ఒకసారి వచ్చి, ఎంతమందికి పుచ్చిన పళ్లు పీకిందో మా వెనక గదిలో స్టూలు మీద కూర్చుని చెబుతోంది. ఈయన మైనం పని ఆపేశారు.

"పీకేశారు సరే డాక్టరమ్మా. మరి వాళ్లు దేంతో నములుతున్నారు?"

అక్కడ పళ్లు కట్టేవాళ్లు లేరంది.

"పీకేవాళ్లు వెళ్తున్నప్పుడు పెట్టేవాడు వెళ్లొద్దూ?" అన్నారు. మళ్లీ ఆయనే, "ఈసారి వెళ్లినప్పుడు పూర్తిగా తీయాల్సినవాళ్లకి తీసేసి రండి. చిగుళ్లు మానడానికి టైం పడుతుంది. ఆ పై ఏడు నేనొచ్చి కడతాను. నా మాటగా చెప్పండి వాళ్లకి" అన్నారు.

డాక్టరమ్మ వెళ్లి చెప్పింది. పద్నాలుగు మంది నమ్మి నోరు తెరిచారు. వాళ్ల పేర్లు కాగితం మీద రాసి తెచ్చి ఈయనకిచ్చింది. ఈయన దాన్ని మైనం బిళ్లల డబ్బా మూతకి లోపలివైపు అంటించుకున్నారు.

మా మందిరంలో ఒక పద్ధతి ఉంది. ఆ ప్రయాణానికి పేరిచ్చినవాళ్లు చందా అడక్కూడదు, అప్పు తేకూడదు. ఎవరి ఖర్చు వాటా వాళ్లు చేతిపనితో సంపాదించుకోవాలి. దేవుడి పేరు చెప్పి చెయ్యి చాపడం అలవాటైతే ఆ చెయ్యి సేవకి పనికిరాదని మా పాస్టరు గారు అంటారు. ఒకాయన ఆదివారాల్లో కార్లు కడిగాడు. టీచరమ్మ సంచులు కుట్టింది. మా ఆయన ఆస్పత్రి పని అయ్యాక విరిగిన సెట్లు అతికి, నాలుగు నెలల్లో వాటాలో సగం కట్టేశారు.

ఒకరోజు పొద్దున నేను నీళ్లు మార్చి, సెట్టు రుద్ది, గదిలోకి వెళ్లాను. ఆయన మంచం అంచున లేరు. పడుకునే ఉన్నారు. చెయ్యి చాపలేదు.

ఆ తర్వాత చేతిలోని సెట్టు ఎక్కడ పెట్టానో నాకు తెలీదు. జనం వచ్చారు. మా వదిన, అంటే ఆయన అక్క, పక్క వాటాలోనే ఉంటుంది, వచ్చి గడ్డం కింద గుడ్డ కట్టింది. ఆయనకి గుబురు మీసం, పెదవి కనబడదు. అందరూ నిద్రపోతున్నట్టే ఉన్నాడన్నారు. పూడ్చిపెట్టి ఇంటికొచ్చి, మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్తే కిటికీ గట్టు మీద గ్లాసు. అందులో పళ్లు.

ఊరందరికీ పళ్లు కట్టిన మనిషిని, కన్నకూతురికి కూడా ఆ మొహం చూపించని మనిషిని, నేను పళ్లు లేకుండా పంపేశాను. నాతో నేనే ఆ మాట అనుకున్నాను కానీ ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పను? అప్పట్నుంచి గ్లాసులో నీళ్లు మారుస్తూనే ఉన్నాను. సెట్టు ఎండిపోతే వంకర పోతుందని ఆయనే చెప్పేవారు.

నెల తిరిగాక పాస్టరు గారు వచ్చారు. "అమ్మా, మేస్త్రి గారు కట్టిన సగం వాటా మీకు తిరిగిచ్చేస్తాం" అని కవరు బల్ల మీద పెట్టారు. నేను ఆ కవరు ముట్టుకోకుండానే అడిగాను.

"మరి ఆ పద్నాలుగు మందీ?"

"ఏం చేస్తామమ్మా. ఈయనలాంటి వాళ్లు ఇంకొకరు దొరికితే చూద్దాం."

"డబ్బు మీ దగ్గరే ఉంచండి. నేనెళ్తాను."

ఆ మాట నా నోట్లోంచి వచ్చిందంటే నేనే నమ్మలేదు. పక్కనున్న వదిన టీ గ్లాసు పట్టుకుని నోరు తెరుచుకుని ఉండిపోయింది. పాస్టరు గారు వెళ్లేదాకా ఆగి మొదలెట్టింది.

"ఏమే, కొత్తిమీర కొనడానికి కూడా నన్ను తోడు రమ్మంటావు. నువ్వు విమానం ఎక్కుతావా?"

"ఎక్కిస్తే ఎక్కుతాను వదినా."

"అక్కడికెళ్లి ఏం చేస్తావు? మెరుగు పెడతావు. పళ్లు ఎవరు కడతారు, మీ మావగారా?"

మర్నాడు రోడ్డు దాటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ గ్లవుజులు మడతపెడుతూ అంతా వింది. "చదువుకునేటప్పుడు నేనూ మైనంలో పళ్లు గుచ్చానమ్మా. మరిచిపోయాను. మీరు పక్కనుండి ఇది కాదు, ఇలాగ అని చెబితే చెయ్యగలను" అంది. ఆ రోజు నుంచి వారానికి రెండు సాయంత్రాలు మా వెనక గదిలో ఆవిడ గుచ్చడం, నేను చూడడం. ముందు పన్ను తిన్నగా పెడితే, "కాస్త తిప్పండి డాక్టరమ్మా, దువ్వెనలా ఉంది" అన్నాను. ఆవిడ మైనం వేడిచేసి ఆ పన్ను కాస్త వంకరగా తిప్పింది.

పని నేర్పగలను కానీ డబ్బు సంపాదించడం నాకు చేతకాలేదు. విరిగిన సెట్లు అతకడం ఆయన ఒక పూటలో చేసేది నాకు మూడు రోజులు పట్టేది. నెలలు గడిచాయి. టికెట్లు కొనే సోమవారం ఇంకో పది రోజులుందనగా, మిగిలిన సగంలో సగం కూడా కాలేదు. ఆ సోమవారానికి వాటా పూర్తి కాకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. వరసలో ఉన్నాయన రంగులు వేసే పని చేస్తాడు, మంచివాడే, ఆస్పత్రి గోడలకి వేస్తాడు. ఆ పద్నాలుగు మందికి ఇంకో ఏడాది ఎదురుచూపే.

వదినకి చెప్పాను. నన్ను ఎగతాళి చేసిన నోటితోనే ఆవిడ ఉపాయం చెప్పింది.

"మందిరంలో సగం నోళ్లు మన వెనక గదిలో తయారైనవే కదే. ఆదివారం పాటలు పాడేటప్పుడు మొదటి రెండు వరసలూ వాడి పళ్లే. ఏళ్ల తరబడి టీ మరకలు పట్టి ఎలా ఉన్నాయో చూశావా? ఒక శనివారం మోటారు అక్కడ పెట్టుకుని అందరివీ మెరుగు పెట్టు. ఊరికే అడగడం కాదుగా, పనేగా!"

పాస్టరు గారు ఒప్పుకుని ఆదివారం ప్రకటించారు. శనివారం పొద్దున్నే మందిరం వెనక గదిలో పొడవాటి బల్ల వేసి, మోటారు బిగించి, మందిరం గాజు గ్లాసులన్నీ వరసగా పేర్చాను. అనుకున్నదానికంటే ఎక్కువమందే వచ్చారు, ముప్పై ఒక్కమంది. ఒక్కొక్కరూ గోడవైపు తిరిగి పళ్లు తీసి గ్లాసులో వేసి, చేత్తో నోరు మూసుకుని వెళ్లి హాల్లో బెంచీల మీద కూర్చున్నారు. పాస్టరు గారు కూడా గ్లాసు పట్టుకుని వచ్చారు. ఆయన ముందు పళ్లు మావేనని అప్పటిదాకా మా ఇంట్లో వాళ్లకి తప్ప ఎవరికీ తెలీదు.

గ్లాసు గ్లాసుకీ పేరు రాసిన చీటీ అంటించాను. ఇంట్లో పొడి డబ్బాలకి ఎలా అంటిస్తానో అలాగే, మైదా పిండి ఉడికించిన జిగురుతో. పేర్లు నేను అక్షరాలు కూడబలుక్కుని రాసినవి, ఒక్కో చీటీకి రెండు నిమిషాలు. అయినా తప్పులు లేకుండా రాశాను.

పదిహేను సెట్లు అయ్యాయి. చక్రం చప్పుడులో నాకింకేమీ వినబడదు. తలెత్తి చూసేసరికి వదిన బల్ల పొడుగునా తడిగుడ్డతో గ్లాసులన్నీ తుడుస్తోంది. ఆవిడకి ఎక్కడ వేలిముద్ర కనబడ్డా నిద్రపట్టదు.

"వదినా! చీటీలు!"

ఆవిడ చేతిలో గుడ్డ కేసి చూసుకుంది. ముప్పై ఒక్క చీటీలూ ఆ గుడ్డలో ముద్దయిపోయి ఉన్నాయి. సిరా నీలంగా కారుతోంది.

"పిండితో అంటించావా?" అంది నీరసంగా.

"తడిగుడ్డతో తుడిచావా?" అన్నాను.

"మురికిగా ఉన్నాయే..."

ఇద్దరం ఆ గ్లాసుల ముందు నిలబడిపోయాం. గులాబీ రంగు చిగుళ్లు, తెల్లటి పళ్లు, ముప్పై ఒక్క జతలు, నీళ్లలోంచి మమ్మల్ని చూసి నవ్వుతున్నట్టున్నాయి. హాల్లోకి తొంగి చూశాను. ముప్పై ఒక్కమంది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు. ఆ మందిరం అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. ఒకరిది ఒకరి నోట్లో పెట్టి చూడమనగలమా? ఇంకేముంది, పరువూ పోయింది, వాటా పోయింది, పద్నాలుగు మందీ పోయారు అనుకున్నాను. మోటారు ఆపేశాను.

అప్పుడు వదినే అంది. "ఆ అచ్చులు పారేశావా?"

మా ఆయన ప్రతి నోటికీ రెండు అచ్చులు పోసేవారు. ఒకటి పనిలో పగిలిపోతుంది. రెండోది అడుగున మేకుతో పేరు గీసి, వెనక గది అరల్లో దాచేవారు. "పని అయిపోయింది కదా, ఎందుకండీ ఈ దుమ్ము?" అని నేను సణిగితే, "మళ్లీ విరిగితేనో?" అనేవారు. ఆ అరలు నేను ఎనిమిది నెలలుగా ముట్టుకోలేదు.

"పారెయ్యలేదు" అన్నాను.

బట్టల బుట్టలు రెండు తీసుకుని ఇద్దరం ఇంటికి పరిగెత్తాం. మాతో పాటు రిటైరైన బస్సు డ్రైవరు కూడా, ఒక చేత్తో నోరు మూసుకుని ఇంకో చేత్తో మందిరం తోపుడుబండి తోసుకుంటూ వచ్చాడు. దారిలో ఎవరో "ఏంటన్నా, పంటి నొప్పా?" అని అడిగారు. ఆయన తల అడ్డంగా ఊపి, మళ్లీ నిలువుగా ఊపి, ఏమనుకున్నాడో ఏమో బండి తోయడంలో పడ్డాడు.

అరలన్నీ దులిపి అచ్చులు బుట్టల్లోకి దింపాం. మందిరానికి తెచ్చి బల్ల మీద పరిచాం. ఒక్కో సెట్టు తీసి అచ్చు మీద పెట్టి చూడడం. ఎవరిది వాళ్లదైతే టక్కుమని కూర్చుంటుంది, కదలదు. కాకపోతే కుంటి స్టూలులా ఊగుతుంది. కూర్చున్నది కూర్చున్నట్టు అచ్చు తిరగేసి వదిన పేరు చదివి కేకేసేది.

"ట్యూషన్ మాస్టారు!"

మాస్టారు వచ్చి గోడవైపు తిరిగి పెట్టుకున్నాడు. "సీసా" అనమన్నాను.

"సీసా" అన్నాడు. ఈల లేదు. "సీసా, సీసా, సీసా" అని వరండా అంతా తిరిగాడు.

తర్వాత మొదటి వరసలో పాడే పిన్నిగారు, తర్వాత డ్రైవరు. మెరుగు కానివాటికి అప్పటికప్పుడు మెరుగు పెట్టి ఇచ్చాను. సాయంత్రానికి ఆ హాలంతా సీసాలతో నిండిపోయింది. పళ్లు నోట్లోకి వచ్చినవాళ్లందరికీ మాటలొచ్చాయి. మాటలన్నీ ఆయన గురించే. "నాకు ముందు పన్ను వంకరగా పెట్టాడని నెల రోజులు మాట్లాడలేదు నేను, ఇప్పుడు ఎవరైనా తిన్నగా చేస్తానంటే కొడతాను" అంది పిన్నిగారు. డ్రైవరు తన పాత సెట్లు రెండు సంచిలోంచి తీసి అతకమని బల్ల మీద పెట్టాడు. "ఊరికే ఇవ్వకూడదన్నారుగా, అందుకే వెతికి విరిగినవి తెచ్చా" అన్నాడు.

పాస్టరు గారి వంతు చివర్న వచ్చింది. ఆయనది ఏ అచ్చు మీదా కుదరడం లేదు. బుట్ట అడుగున పాత బనీను గుడ్డలో చుట్టినది ఒకటి కనబడితే, ఇదేమోనని తీశాను. పైదీ కిందదీ, పూర్తి చిగుళ్లు, ఒక్క పన్నూ లేదు. పాస్టరు గారికి వెనక పళ్లున్నాయి కదా, ఇది ఆయనది కాదు. ఎవరిదా అని తిరగేశాను.

అడుగున మేకుతో గీసి ఉంది. "నేను."

చుట్టూ అందరూ మాట్లాడుకుంటున్నారు. నాకు మోటారు తిరుగుతున్నప్పటిలా ఏమీ వినబడలేదు. బొటనవేలితో పై చిగురు తడిమాను. ఎడమవైపు చివర చిన్న గుంట ఉంది. సెట్టు లోపలివైపు అదే చోట చిన్న బొడిపె ఉంటుంది. ఇరవై మూడేళ్లుగా రోజూ పొద్దున్నే బ్రష్‌తో రుద్దుతున్న బొడిపె అది.

వదిన నా చేతిలోది తీసుకుని చూసింది. చదివింది. మెల్లిగా నన్ను పక్కనున్న వంటగదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

"వదినా, నేను... ఆయన పళ్లు..."

"తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"గడ్డం కింద గుడ్డ కట్టింది నేనే కదే. నాకు తెలీదా? తీరా నేను చూసుకునేసరికి వాకిట్లో జనం నిండిపోయారు. లేచి వెళ్లి గ్లాసు తెద్దామంటే అందరికీ తెలిసిపోతుంది, వాడికి ఇష్టం ఉండదు. మీసం కిందికి దువ్వాను. నీకు చెబితే కుమిలిపోతావని ఊరుకున్నాను."

"ఎనిమిది నెలలు ఊరుకున్నావా?"

"నువ్వూ ఊరుకున్నావుగా."

అచ్చుని కొంగుతో తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. ఆవిడ ఏడవడం నేను చూడలేదు, అప్పుడూ ఏడవలేదు. ముక్కు మాత్రం ఎర్రబడింది.

"వాణ్ని మా అమ్మ మొదటిసారి నా ఒళ్లో పెట్టినప్పుడూ పళ్లు లేవే. నాకు తొమ్మిదేళ్లు. నోరు తెరిచి నవ్వితే ఇదిగో, ఇలాగే ఉన్నాడు. వచ్చినట్టే వెళ్లాడు. ఎవరికి సిగ్గు?" అడుగున గీతల మీద గోరు పెట్టింది. "ఇక్కడ చూడు. వాడే రాసుకున్నాడుగా. పళ్లు లేని ఈ నోటి మీద నాది అని కాదు. నేను అని."

నేను అప్పుడు ఏడ్చాను. ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి అంటే ఎవరూ నమ్మరు.

తలుపు సందులోంచి పాస్టరు గారి గొంతు, ఎక్కడో గాలి పోతూ, వినబడింది. "అమ్మా... నాది..."

వదిన కొంగుతో నా కళ్లు తుడిచి, "వస్తున్నామండీ, మీ ప్రసంగం మా చేతిలో ఉంది!" అని అరిచింది. బయట అందరూ నవ్వారు. పాస్టరు గారి అచ్చు బల్ల కింద దొర్లి ఉంది.

డ్రైవరు సెట్లకి ముందుగా ఇచ్చినదానితో సహా అన్నీ కలుపుకుంటే సోమవారానికి వాటా సరిపోయింది. అందరి డబ్బూ పనికే తీసుకున్నాను. పిన్నిగారు ఎక్కువివ్వబోతే వెనక్కిచ్చేశాను. పాస్టరు గారు వాటాల కాగితం మీద మా ఆయన పేరు కొట్టెయ్యకుండా దాని కింద నా పేరు రాశారు. సగం ఆయన, సగం నేను.

వేరే ఊళ్లో ఉన్న మా అమ్మాయి ఫోన్లో, "అమ్మా, అక్కడ భాష రాదు కదా, ఎలా మాట్లాడతావు?" అంది. "నోరు తెరవమనడానికి భాష ఎందుకే?" అన్నాను. అది, "నాన్నలా మాట్లాడుతున్నావే" అంది.

బయల్దేరే రోజు తెల్లారకముందే లేచాను. మైనం బిళ్లలు, పళ్ల పెట్టెలు, గుడ్డ చక్రాలు, పద్నాలుగు పేర్ల కాగితం ఉన్న డబ్బా మూత, అన్నీ ముందురోజే డాక్టరమ్మ సామానులో సర్దాం. నా చేతిసంచిలో తువ్వాలులో చుట్టి ఒకటే పెట్టుకున్నాను, ఆ బనీను గుడ్డలోని అచ్చు. మాట ఇచ్చిన మనిషి ఎవరని ఆ పద్నాలుగు మందిలో ఎవరైనా అడిగితే చూపించాలి. వాళ్ల నోళ్లలాగే ఉంటుంది, పోల్చుకుంటారు.

వదిన స్వెట్టరు పట్టుకుని వచ్చింది. విమానంలో చలేస్తుందని ఎవరో చెప్పారట. ఇంటి తాళంచెవులు ఇచ్చాను. ఆవిడ వంటింట్లోకి తొంగి చూసింది. కిటికీ గట్టు మీద గ్లాసు.

"ఇదిగో, దీని గురించి బెంగపెట్టుకోకు. రోజూ పొద్దున్నే వచ్చి నేను నీళ్లు మారుస్తాలే."

"వద్దు వదినా."

"ఎండిపోతే వంకర పోతుందన్నావుగా?"

"పోనీ."

ఆవిడ నా మొహంలోకి చూసి తాళంచెవులు కొంగున ముడేసుకుంది. అలవాటు కొద్దీ నా చెయ్యి కుళాయి దాకా వెళ్లింది. తిప్పలేదు. గ్లాసులో నిన్నటి నీళ్లు అలాగే ఉన్నాయి. బయట డాక్టరమ్మ కారు ఆగింది. వదిన సంచి అందుకుంది. నేను లైటు తీసేసి, గ్లాసు అక్కడే వదిలేసి, ఆవిడ వెనకే బయటికి నడిచాను.